రెక్క తొడిగిన మనిషికి పారాచూట్ ఎందుకు మొరాయిస్తుంది?

వరంగల్ శివార్లలో మామునూరు ఎయిర్‌పోర్టు మీదుగా, నాలుగు వేల మీటర్ల ఎత్తులో ఒక చిన్న విమానం వెళ్తోందనుకుందాం. ఒకే బరువున్న ఇద్దరు అందులోంచి వెంటవెంటనే దూకారు. మొదటి మనిషి ఒంటి మీద మామూలు స్కైడైవింగ్ దుస్తులున్నాయి. రెండో మనిషి చేతుల కింద, కాళ్ల మధ్య గుడ్డ రెక్కలు కుట్టిన వింగ్‌సూట్ తొడుక్కున్నాడు. ఇద్దరూ 1500 మీటర్ల ఎత్తుకు దిగాక పారాచూట్ తెరవాలి. మొదటి మనిషి దాదాపు యాభై సెకన్లలో ఆ ఎత్తుకు వచ్చేస్తాడు. గాలి బలంగా లేకపోతే, అప్పటికి ఆయన కింద ఉండేది మామునూరే. రెండో మనిషికి అదే ఎత్తు దిగడానికి రెండు నిమిషాలు దాటుతుంది. ఆ లోపు ఐదారు కిలోమీటర్లు ముందుకు సాగి, ఖిలా వరంగల్‌లో కాకతీయుల తోరణాల పైకి చేరుకోగలడు.

ఇది ఊహే, కానీ ఇందులోని అంకెలు ఊహ కాదు. ఇంజిన్ లేకుండా, ప్రొపెల్లర్ లేకుండా, కుట్టిన గుడ్డ ఒక్కటే ఒక మనిషిని అంత దూరం ఎలా తీసుకెళ్తుంది? ఇది అందరూ అడిగే ప్రశ్న. దీని వెనకే ఇంకో ప్రశ్న ఉంది. అంత బాగా ఎగిరించే రెక్క, చివర్లో పారాచూట్ తెరుచుకోవడానికి ఎందుకు అడ్డం పడుతుంది? వింగ్‌సూట్ సామగ్రి ఎంపికంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

పడటాన్ని పక్కకు మళ్లించడం

బోర్లా పడుతున్న మనిషిని కింది నుంచి గాలి తోస్తూ ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ఆ తోపు పెరుగుతుంది. గంటకు సుమారు 190–200 కిలోమీటర్ల దగ్గర తోపు, శరీర బరువు సమానమవుతాయి. అక్కడి నుంచి వేగం పెరగదు. దూకినప్పుడు మన దగ్గరున్న ఎత్తు ఒక రకంగా పొదుపు చేసిన శక్తి. బోర్లా పడేవాళ్లు ఆ శక్తినంతా గాలిని చెదరగొట్టడానికే ఖర్చు చేస్తారు. ముందుకు పోవడానికి ఏమీ మిగలదు.

వింగ్‌సూట్ అదే శక్తిని వేరే విధంగా వాడుతుంది. శరీరం తల వైపు కొంచెం వంగి ఉంటుంది. ఎదురొచ్చే గాలి రెక్క అడుగున తగిలి, వెనక్కీ కిందికీ మళ్లుతుంది. రెక్క గాలిని కిందికి నెట్టిన మేరకు గాలి రెక్కను పైకి నెడుతుంది. వెనక్కి నెట్టిన మేరకు ముందుకు తోస్తుంది. దాంతో కిందికి దిగే వేగం గంటకు 60–70 కిలోమీటర్లకు తగ్గి, ముందుకు వెళ్లే వేగం 150 దాటుతుంది. అంటే ఒక మీటరు దిగితే రెండున్నర మీటర్ల వరకు ముందుకు. ఈ లెక్కనే గ్లైడ్ నిష్పత్తి అంటారు. మంచి సూట్లు, నేర్పున్న ఫ్లయర్లు మూడు దాకా తీసుకెళ్తారు.

ఆ రెక్క ఒట్టి గుడ్డ పరద కాదు. పైనొక పొర, కిందొక పొర, వాటి మధ్య అడ్డంగా కుట్టిన పట్టీలు ఉంటాయి. ముందు అంచున చిన్న నోళ్లుంటాయి. వేగంగా వచ్చే గాలి వాటిలోంచి దూరి లోపల చిక్కుకుంటుంది. ఆ ఒత్తిడికి మెత్తని నైలాన్ బిగిసి, విమానం రెక్క ఆకారం తెచ్చుకుంటుంది. నల్లమలలో ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు జారే పెద్ద ఎగిరే ఉడుతకు ఈ పని చర్మపు పొర, దాన్ని బిగించే కండరాలు చేసిపెడతాయి. మనిషికి ఆ కండరాలు లేవు కాబట్టి గాలినే లోపల నింపి బిగించాల్సి వచ్చింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బరువైన మనిషి తక్కువ దూరం వెళ్తాడనుకుంటాం. గ్లైడ్ నిష్పత్తిని నిర్ణయించేది రెక్క ఆకారం, శరీరం పట్టిన భంగిమ. బరువు కాదు. ఒకే ఆకారంలో బరువు పెరిగితే మనిషి అదే దారిలో, అదే దూరం, మరింత వేగంగా వెళ్తాడు. గాల్లో ఉండే సమయం మాత్రం తగ్గుతుంది.

కిలోమీటరు మందం గాలిలో పందెం

అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్ఏఐ నడిపే పోటీల్లో ఫ్లయర్లు ఒకరినొకరు తరుముకోరు. అందరూ గడియారంతో, కొలబద్దతో పోటీపడతారు. ఆకాశంలో సరిగ్గా ఒక కిలోమీటరు మందం ఉన్న పొరను ఎంచుకుంటారు. దాని పై అంచు నుంచి కింది అంచు వరకు ఫ్లయర్ ఏం చేశాడన్నదే లెక్క. పైన ఎంత బాగా ఎగిరినా, కింద ఎంత బాగా ఎగిరినా మార్కులు రావు. ఒంటికి కట్టుకున్న జీపీఎస్ పరికరం ఎత్తును, దూరాన్ని, వేగాన్ని నమోదు చేస్తూ పోతుంది. ఈ పద్ధతిలో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 2016లో అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని జెఫర్‌హిల్స్‌లో జరిగింది.

> ఒకే పొర, మూడు పరీక్షలు
>
> సమయం: కిలోమీటరు ఎత్తును ఎంత నిదానంగా దిగగలరు? చేతులు, కాళ్లు పూర్తిగా చాచి, రెక్క విస్తీర్ణమంతా వాడాలి. మరీ నెమ్మదిస్తే రెక్క మీద గాలి ప్రవాహం తెగిపోయి, మనిషి రాయిలా పడతాడు. ఆ అంచుకు వెంట్రుకవాసి ఇవతల నిలబడటమే నేర్పు.
>
> దూరం: అదే కిలోమీటరులో నేల మీద ఎంత దూరం దాటారు? గ్లైడ్ నిష్పత్తి మూడు ఉంటే మూడు కిలోమీటర్లు. ఇక్కడ తల ఎత్తడం, మోచేయి వంచడం వంటి చిన్న తేడాలు కూడా వందల మీటర్లు తినేస్తాయి.
>
> వేగం: ఆ పొరలో ముందుకు ఎంత సగటు వేగం సాధించారు? చేతులు కొంచెం వెనక్కి లాక్కుని, గాలికి అడ్డు తగ్గించుకోవాలి. ప్రపంచ స్థాయి ఫ్లయర్లు గంటకు 300 కిలోమీటర్ల ప్రాంతానికి చేరతారు.

పొర మొదలవకముందే ఫ్లయర్లు ముక్కు కిందికి వంచి నిటారుగా దూసుకెళ్తారు. చూసేవాళ్లకు ఎత్తును వృథా చేస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఎత్తును వేగంగా మార్చి దాచుకుంటున్నారు. గంటకు 288 కిలోమీటర్ల వేగంలో ఉన్న శక్తి, గాలి అడ్డు లేదనుకుంటే, ఆ మనిషిని సుమారు 320 మీటర్లు పైకి లేపడానికి సరిపోతుంది. పొరలోకి రాగానే రెక్కను నెమ్మదిగా చదును చేసి, దాచుకున్న ఆ వేగాన్ని సమయంగానో దూరంగానో తిరిగి రాబట్టుకుంటారు. పతకాలు చాలావరకు ఈ మలుపు దగ్గరే తేలతాయి.

ఇంకో రకం పందేలు నేరుగా పక్కపక్కన ఎగిరేవి. 2014లో కాలిఫోర్నియాలోని ఓక్‌డేల్‌లో జరిగిన రెడ్ బుల్ ఏసెస్‌లో, హెలికాప్టర్లకు వేలాడదీసిన గేట్ల మధ్య నుంచి నలుగురేసి ఫ్లయర్లు వంకర్లు తిరుగుతూ పోటీపడ్డారు. అమెరికాకు చెందిన ఆండీ ఫారింగ్టన్ గెలిచాడు. చైనాలోని తియెన్‌మెన్ పర్వతం మీద 2012 నుంచి జరిగే వరల్డ్ వింగ్‌సూట్ లీగ్‌లో విమానమే ఉండదు. కొండ అంచు నుంచే దూకుతారు. 2013లో అక్కడ సాధనలో హంగరీకి చెందిన విక్టర్ కోవాచ్ ప్రాణాలు కోల్పోయాడు. కొండ నుంచి దూకేవాళ్లు ఒకే పారాచూట్‌తో దూకుతారు. రెండోది తెరవడానికి కావలసిన ఎత్తు అక్కడ ఉండదు.

వరంగల్ చుట్టుపక్కల గుట్టల మీద నిలబడి ఈ వీడియోలు చూసే కుర్రాళ్లకు ఒక లెక్క చెప్పి తీరాలి. వంద మీటర్ల నిలువు అంచు నుంచి దూకితే నేల తగలడానికి నాలుగున్నర సెకన్లు చాలు. సూట్‌లోకి గాలి నిండి, రెక్క పట్టు దొరకడానికే ఆ సెకన్లలో అధిక భాగం పోతుంది. పైగా మన గుట్టలు నిలువు గోడలు కావు, వాలుగా పరుచుకున్న నల్లరాతి బండలు. ఓరుగల్లులో కొండ మీద నుంచి వింగ్‌సూట్ అన్నది ఎంత నేర్పున్నవాళ్లకైనా సాధ్యం కాదు.

రెక్కలు పనిచేశాయి, పారాచూట్ తెరుచుకోలేదు

రెక్కలు కట్టుకున్నవాళ్ల చరిత్ర చదివితే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. అమెరికాకు చెందిన క్లెమ్ సోన్ 1930ల్లో సొంతంగా కుట్టుకున్న గుడ్డ రెక్కలతో ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. రెక్కలు ఆయన మాట విన్నాయి. 1937 ఏప్రిల్ 25న పారిస్ పక్కన విన్సెన్‌లో, పెద్ద జనసమూహం చూస్తుండగా పారాచూట్ తెరుచుకోక చనిపోయాడు. ఫ్రాన్స్‌కు చెందిన లియో వాలెంటిన్ చెక్క రెక్కలు వాడాడు. 1956లో లివర్‌పూల్ ప్రదర్శనలో విమానం తలుపు దాటుతుండగా ఒక రెక్క విమానానికి తగిలి దెబ్బతింది. గిరగిర తిరుగుతూ పారాచూట్ తీస్తే అదీ విచ్చుకోలేదు.

గాలి నిండే రెండు పొరల రెక్కతో ఈనాటి వింగ్‌సూట్‌కు రూపమిచ్చింది 1990ల్లో ఫ్రాన్స్‌కు చెందిన పాట్రిక్ ద గయార్డోన్. ఆయన కూడా సూట్ వల్ల చనిపోలేదు. 1998 ఏప్రిల్‌లో హవాయిలో, తన పారాచూట్ సంచికి చేసుకున్న మార్పులో దొర్లిన తప్పు ప్రాణం తీసింది. మరుసటి సంవత్సరం ఫిన్లాండ్‌కు చెందిన యారి కువోస్మా, క్రొయేషియాకు చెందిన రాబర్ట్ పెచ్నిక్ కలిసి బర్డ్‌మన్ పేరుతో సూట్లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి వింగ్‌సూట్ అంగట్లో దొరికే వస్తువైంది.

సోన్, వాలెంటిన్, గయార్డోన్ ముగ్గురి విషయంలోనూ చివరి మెట్టు దగ్గరే బెడిసింది. దాన్ని దురదృష్టం అనుకుని వదిలేయలేం. అందులో భౌతికశాస్త్రం ఉంది.

వీపు వెనక గాలి లేని చోటు

పారాచూట్ దానంతటది తెరుచుకోదు. ఫ్లయర్ నడుము వెనక ఉన్న చిన్న పైలట్ చూట్‌ను చేత్తో లాగి పక్కకు విసరాలి. అది గాలిని పట్టుకుని నిండుతుంది. దానికి కట్టిన బ్రైడిల్ అనే పట్టీ బిగిసి, సంచి మూతకున్న పిన్నును లాగుతుంది. ఆ తర్వాత ప్రధాన పారాచూట్ మడతల్లోంచి బయటికొస్తుంది. ఈ వరుసకంతటికీ మొదట కావలసింది ఒక్కటే, పైలట్ చూట్‌కు స్వచ్ఛమైన గాలి తగలడం.

హైదరాబాద్ హైవే మీద పెద్ద లారీ వెనక మరీ దగ్గరగా బైకు నడిపినవాళ్లకు తెలుసు. ఎదురుగాలి ఒక్కసారిగా మాయమై, సుడులు తిరిగే గాలి అటూ ఇటూ తోస్తుంది. వింగ్‌సూట్ వీపు మీద కూడా అలాంటి జాగానే ఏర్పడుతుంది. రెక్క ఎంత వెడల్పైతే ఆ సుడిగాలి జాగా అంత పెద్దది. పైలట్ చూట్ అందులో పడితే నిండకుండా, ఫ్లయర్ వెనకే తచ్చాడుతూ ఉండిపోతుంది. పిన్ను కదలదు. ఎత్తు మాత్రం కరిగిపోతూ ఉంటుంది.

దీనికి తోడు చేతులు రెక్కల్లో బంధించి ఉంటాయి. ఒక చెయ్యి వెనక్కి పోయి రెండోది చాచే ఉంటే రెక్కలు ఎడం కుడి సమానంగా ఉండవు. ఆ క్షణంలో శరీరం తిరుగుతుంది, తెరుచుకుంటున్న పారాచూట్ తాళ్లు మెలిపడతాయి. మామూలు స్కైడైవర్ అయితే కాళ్లు తన్నుకుంటూ ఎదురు తిరిగి మెలిక విప్పుకుంటాడు. వింగ్‌సూట్‌లో రెండు కాళ్లూ ఒకే రెక్కలో ఉన్నాయి, అలా తన్నడం కుదరదు. అందుకే శిక్షకులు మొదటి రోజు నుంచీ చెప్పేది, రెక్కలు రెండూ ఒకేసారి ముడవాలి, రెండు చేతులూ ఒకేసారి వెనక్కి వెళ్లాలి అని.

మూడో చిక్కు అందరికంటే ఆలస్యంగా తట్టేది, నన్ను బాగా కలవరపెట్టేది కూడా అదే. స్కైడైవర్ల సంచిలో ఏఏడీ అనే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం ఉంటుంది. మనిషి స్పృహ తప్పినా, పారాచూట్ తెరవడం మరిచినా అదే రిజర్వ్ అనే రెండో పారాచూట్‌ను విడుదల చేస్తుంది. జర్మనీలో తయారై 1991లో వచ్చిన సైప్రెస్ ఈ పరికరాన్ని ప్రపంచమంతా వ్యాపింపజేసి, ఎందరినో బతికించింది. అది పనిచేయడానికి రెండు షరతులున్నాయి. ఎత్తు సుమారు 225 మీటర్లకు తగ్గాలి, పడే వేగం సెకనుకు 35 మీటర్లు, అంటే గంటకు 126 కిలోమీటర్లు దాటాలి. రెండో షరతు ఎందుకంటే, పారాచూట్ బాగానే తెరుచుకుని దిగుతున్నవాళ్ల మీద రిజర్వ్ విచ్చుకుంటే ప్రమాదం. ఇప్పుడు వింగ్‌సూట్ దిగే వేగం గుర్తుచేసుకోండి, గంటకు 60–70 కిలోమీటర్లు. రెక్కలు చాచి ఎగురుతున్న మనిషిని చూసి ఆ పరికరం పారాచూట్ తెరిచే ఉందనుకుంటుంది. తక్కువ వేగానికే స్పందించేలా వింగ్‌సూట్ కోసం చేసిన రకాలు ఇటీవల వచ్చాయి. మామూలు ఏఏడీని వేసుకుని ధైర్యంగా ఉండటం మాత్రం కుదరదు.

సామగ్రి ఎంచుకోవడం వెనక నుంచి మొదలు

కొత్తవాళ్లు ముందు సూట్ చూస్తారు. అది సహజం, అందంగా కనిపించేది అదే. నేను మాత్రం పారాచూట్‌తో మొదలుపెట్టి సూట్ దగ్గరకు రావాలంటాను.

ప్రధాన పారాచూట్ గాలి నిండే ఏడు గదులది, విస్తీర్ణం పెద్దది, ఆకారం దీర్ఘచతురస్రానికి దగ్గరగా ఉండేది మేలు. చిన్నదిగా, అంచులు కోసుగా ఉన్న తొమ్మిది గదుల పారాచూట్ దిగేటప్పుడు చురుగ్గా మలుపులు తిరుగుతుంది. ఆ చురుకే ఇక్కడ శత్రువు. తెరుచుకునేటప్పుడు శరీరం కొంచెం వంకరగా ఉన్నా అది వెంటనే ఆ పక్కకు దూకి, తాళ్లను మెలిపెడుతుంది. పెద్ద ఏడు గదుల పారాచూట్ అంత తొందరపడదు. మెలికపడినా నేరుగా ఎగురుతూ, విప్పుకోవడానికి వ్యవధి ఇస్తుంది. స్క్విరల్ కంపెనీ ఎపిసీన్, పర్ఫార్మెన్స్ డిజైన్స్ కంపెనీ హొరైజన్ ఈ ఆలోచనతోనే వచ్చిన పారాచూట్లు.

తర్వాత బ్రైడిల్. మామూలు స్కైడైవింగ్‌లో రెండు మీటర్లకు అటూ ఇటూ ఉండే పట్టీని వింగ్‌సూట్ కోసం రెండున్నర మీటర్ల దాకా పెంచుతారు. పైలట్ చూట్ సుడిగాలి జాగా దాటి అవతలి స్వచ్ఛమైన గాలిలోకి పోవడానికే ఆ అదనపు పొడవు. పైలట్ చూట్ కూడా కొంచెం పెద్దది వాడతారు. ఎందుకంటే వింగ్‌సూట్‌లో గాలి వేగం తక్కువ, లాగే బలమూ తక్కువ.

సంచి మూలలు ముఖ్యం. వింగ్‌సూట్‌లో మనిషి పారాచూట్ నుంచి నిలువుగా కింద కాదు, దాదాపు అడ్డంగా ఉంటాడు. పారాచూట్ మూట సంచిలోంచి పైకి కాక పాదాల వైపుకు లాగబడుతుంది. సంచి కింది మూలలు మూసి ఉంటే మూట అక్కడ తట్టుకుని, ఒక పక్కకు వాలుతుంది. మూలలు విచ్చుకునేలా చేసిన సంచులు అందుకే వచ్చాయి.

> మొదటి సూట్ చిన్నదే ఎందుకు?
>
> పెద్ద రెక్క ఎక్కువ ఎత్తు నిలబెడుతుంది, ఎక్కువ తప్పులూ పెంచుతుంది. ఒక భుజం కొంచెం కుంగితే చిన్న సూట్ మెల్లగా తిరుగుతుంది. పెద్ద సూట్ బల్లపరుపుగా గిరగిర తిరగడంలోకి జారవచ్చు. ఆ తిరుగుడులో రక్తం తలకు, కాళ్లకు తోసుకుపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. చేతి రెక్క పొట్టిగా ఉన్న సూట్‌లో పైలట్ చూట్ పిడి సులువుగా అందుతుంది. పారాచూట్ తెరుచుకున్నాక తాళ్లు పట్టుకోవడమూ సులువే. సూట్ వేసుకుని, జిప్పులన్నీ బిగించి, నేల మీదే ఆ పిడి, మొరాయించిన ప్రధాన పారాచూట్‌ను వదిలించుకునే కట్‌అవే పిడి, రిజర్వ్ పిడి చూడకుండా అందుకోగలిగితేనే ఆ కొలత సరిపోయినట్టు.

పోటీల కోసమే చేసిన భారీ సూట్లు వందల వింగ్‌సూట్ దూకుళ్లు దాటినవాళ్లవి. అమెరికా పారాచూట్ సంఘం నియమం ప్రకారం చిన్న సూట్‌లో మొదటిసారి దూకాలన్నా అంతకుముందే కనీసం 200 స్కైడైవ్‌లు చేసి ఉండాలి. కొందరికి ఇది ఎక్కువగా అనిపిస్తుంది. విమానం తలుపు దగ్గర జరిగేది తెలిస్తే ఎక్కువ కాదు. దూకగానే రెక్కలు విప్పితే విమానం వేగానికి మనిషి పైకి లేచి తోకకు తగలవచ్చు. వాలెంటిన్‌కు తలుపు దగ్గర రెక్క తగిలిన ప్రమాదానికి ఇది దగ్గరి చుట్టం. ఒకటి రెండు సెకన్లు రెక్కలు మూసుకుని పడాలన్న సంగతి ఆ ఉద్వేగంలోనూ గుర్తుండాలంటే, దూకడం అలవాటైపోయి ఉండాలి.

మామునూరు మీద అయితే

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1930లో ఏర్పడిన మామునూరు విమానాశ్రయం 1981లో ప్రయాణికులకు మూతపడింది. తర్వాత ఎన్‌సీసీ క్యాడెట్ల వైమానిక శిక్షణకు పనికొచ్చింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని పునరుద్ధరించడానికి అనుమతి ఇచ్చింది. ప్రయాణికుల విమానాలు తిరిగే చోట, ముందస్తు అనుమతితో, ఆ సమయానికి గగనతలం ఖాళీ చేయిస్తే తప్ప ఎవరూ దూకలేరు. వింగ్‌సూట్ విషయంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మామూలు స్కైడైవర్‌కు రన్‌వే మీది ఆకాశం చాలు, వింగ్‌సూట్‌కు ఐదారు కిలోమీటర్ల పొడవున దారి కావాలి.

ఆ దారి కింద ఏముందో కూడా చూడాలి. గాలి లెక్క తప్పితే ఫ్లయర్ అనుకున్న చోటికి చేరలేక మధ్యలోనే దిగుతాడు. వరంగల్ చుట్టూ అంటే పొలాల మధ్య గట్టు లేని వ్యవసాయ బావులు, మోటార్లకు వెళ్లే కరెంటు తీగలు, కాకతీయుల కాలం నుంచీ ఉన్న చెరువులు. నీళ్లలో పడితే వింగ్‌సూట్ మరీ ప్రమాదం. గాలి నిండిన గదుల్లోకి నీళ్లు చేరతాయి, చేతులు కాళ్లు ఈతకు ఆడవు. కాబట్టి జిప్పులు విప్పుకోవడం గాల్లోనే, పారాచూట్ తెరుచుకోగానే పూర్తిచేయాలి. వేసవి మధ్యాహ్నాలు పనికిరావు. కాలిన నేల నుంచి లేచే వేడి గాలి పారాచూట్‌ను ఎగదోసి కిందికి వదులుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, మంచు విడిన తర్వాత ఉదయాలు అనువైనవి.

మన దేశంలో వింగ్‌సూట్ కొత్తదేమీ కాదు. 2019 జూలై 21న జోధ్‌పూర్‌లో వింగ్ కమాండర్ తరుణ్ చౌధరి ఎంఐ-17 హెలికాప్టర్ నుంచి వింగ్‌సూట్‌తో దూకారు. భారత వైమానిక దళంలో అది మొదటిది. పౌరులకు హర్యానాలోని నార్నౌల్ వంటి కొన్ని చోట్ల స్కైడైవింగ్ నేర్చుకునే వీలుంది. తెలంగాణ వాళ్లకు అంతకంటే దగ్గర్లో, హైదరాబాద్ గండిపేటలో 2023లో మొదలైన ఇండోర్ స్కైడైవింగ్ టన్నెల్ ఉంది. అందులో కింది నుంచి పైకి వీచే గాలిలో తేలుతూ శరీరాన్ని నిలకడగా ఉంచడం నేర్చుకోవచ్చు. వింగ్‌సూట్‌కు కావలసింది వాలుగా ముందు నుంచి వీచే గాలి. అలాంటి ఏటవాలు టన్నెల్ స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో ఉంది. అయినా గండిపేటలో గడిపే నిమిషాలు వృథా కావు. ఎడం భుజం కుడి భుజం ఒకే మట్టాన ఉంచడం, రెండు చేతులూ ఒకేసారి కదపడం అక్కడే ఒంటికి పడితే, తర్వాత నార్నౌల్‌లో దూకినా విదేశంలో దూకినా పైలట్ చూట్ విసిరే క్షణంలో అదే అక్కరకొస్తుంది.